మొదలంటా కోసిన మాలీ

ఆల్మా నోస్కే కుండీలో పెంచుతున్న నీలగిరి చెట్టు ఎత్తు మూరెడు. ఆ మూరెడు చెట్టు మీద కత్తి కట్టినవాడు డేమియన్. ఆరడుగుల పైచిలుకు మనిషి, మెల్‌బోర్న్ నుంచి కొత్తగా దిగిన మేనేజరు. ఆల్మా ఉంటున్న వృద్ధుల కాలనీ మొత్తం అతని చేతి కిందే ఉంది.

"ఆల్మా గారూ, కాలనీలో నీలగిరి చెట్లు కుదరవండీ. వేళ్లు డ్రైనేజీ గొట్టాలు పగలగొడతాయి. కొమ్మలు విరిగి మనుషుల మీద పడతాయి," అన్నాడతను వరండా మెట్ల మీద నిలబడి.

ఆల్మా కళ్లజోడు పైకి తోసుకుని చెట్టునూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇది విరిగి పడితే చీమకైనా దెబ్బ తగలదు నాయనా."

"రూలు రూలేనండీ. శుక్రవారంలోగా మొదలంటా కోసెయ్యండి. లేదంటే మనిషిని పెట్టి కోయిస్తాను."

అది మాలీ జాతి నీలగిరి, మట్టిలోని దుంపలోంచి ఒకటికి పది కాండాలుగా గుబురెక్కే రకం. పొలం అమ్మేసిన ఏడు, గేటు పక్కనున్న గుబురులోంచి ఆల్మా కాయలు ఏరుకుని కాగితప్పొట్లంలో ఎండబెడితే నలుసంత గింజలు రాలాయి. వాటిలో మొలిచింది ఇది. పన్నెండేళ్లపాటు పక్క చిగుళ్లన్నీ గిల్లేస్తూ, జపాను బోన్సాయ్ బొమ్మల్లో ఉన్నట్టు ఒకే కాండంగా, నిటారుగా పెంచింది. మొగుడు పోయిన ఏడాది కూడా ఆ గిల్లడం మానలేదు.

మాలీ మొండితనం గురించి ఆ ఊళ్లో చెప్పుకునే కథలకు అంతుండదు. పక్కింటి పెర్స్ చెప్పేది వింటే మరీను. అతని చిన్నప్పుడు వాళ్లమ్మ పొయ్యిలో పెట్టిన మాలీ మొద్దు ఈ కొస కాలుతూ ఉండగానే ఆ కొస చిగురేసిందట. మధ్యాహ్నానికి కొమ్మ పొగగొట్టం దాటిందట. సాయంత్రానికి దాని మీద గలా చిలకలు గూడు కట్టాయట. ఆ రాత్రి పిల్లల అరుపులకి ఇంటిల్లిపాదికీ నిద్ర లేదని పెర్స్ గుండె మీద చెయ్యేసుకుని మరీ చెబుతాడు.

బుధవారం ఆల్మా దగ్గరకి బోన్సాయ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా రేకుల షెడ్డులో చేరారు. తలా ఒక నీలగిరి మొలక ముందు పెట్టుకున్నారు. ఆ రోజు ఎవరికీ చేతులు ఆడలేదు.

"నా స్నానాలగదిలో దాచు. నేనెలాగూ అటుకేసి పోను," అన్నాడు పెర్స్.

"అది నీ పక్కన కూర్చుంటే తెలుస్తూనే ఉందిలే," అంది గ్లాడిస్. ఆవిడ తన మొలకకి టీ కూడా పోసి చూసిన ఘనురాలు. "ఆల్మా, అడిలైడ్‌లో మీ మేనకోడలింటికి పంపించెయ్యి."

"దాచడానికీ దాటించడానికీ నేనేమన్నా దొంగసారా కాస్తున్నానా?" అంది ఆల్మా.

శుక్రవారం తెల్లారేసరికి పచ్చిక మీద మంచు గడ్డకట్టి ఉంది. డేమియన్ రంపం పట్టుకున్న మనిషిని వెంటేసుకుని వచ్చేసరికి పచ్చిక మధ్యలో బల్ల, బల్ల మీద కుండీ, చుట్టూ కోట్లు కప్పుకుని కుర్చీల్లో బుధవారం జనమంతా ఉన్నారు. ఆల్మా ఆ మనిషి చేతిలోంచి రంపం అడక్కుండానే అందుకుంది.

"ఇవాళ క్లాసు ఇక్కడే. పాఠం, మొదలంటా కొయ్యడం. ఎండలు ముదిరాక చెయ్యాల్సిన పని ఇది. వేళ్లు కత్తిరించినా అప్పుడే. చలిలో కోస్తే చెట్టు చావచ్చు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఎవరి పుణ్యమా అని చలిలో కోస్తున్నామో అది కూడా."

కోసింది. పన్నెండేళ్ల కాండం బల్ల మీద ఒరిగింది. గ్లాడిస్ మొహం తిప్పుకుంది.

"థాంక్సండీ," అన్నాడు డేమియన్.

"అవసరం లేదు. ఇంద, పట్టు." కోసిన కాండాన్ని ఆకులతో సహా అతని చేతుల్లో పెట్టింది ఆల్మా. ఎక్కడ పడెయ్యాలో తెలియక అతను దాన్ని చంటిపిల్లలా పట్టుకునే ఆఫీసుదాకా నడిచాడు.

తర్వాత రోజులు బరువుగా నడిచాయి. కుండీలో విరిగిన పన్నులాంటి మోడు మిగిలింది. మట్టి పొడిబారకుండా, చిత్తడి కాకుండా ఆల్మా రోజూ వేలితో నొక్కి చూసుకునేది. చలి పోయింది, పచ్చిక పెరిగింది, మోడు మాత్రం మోడుగానే ఉంది. పెర్స్ ఆ కుండీ దగ్గర జోకులు మానేశాడు. ఆల్మాకి అసలు భయం పట్టుకుంది అప్పుడే.

అయినా క్లాసు ఆపలేదు. వచ్చిన ప్రతివాళ్లకీ మొలకలిచ్చి, "షెడ్డులో కాదు, మీ వరండాల్లో పెట్టండి. నిండా ఎండ తగలాలి. అందరికీ కనపడాలి," అని చెప్పి మరీ పంపింది.

అక్కడ ఎండలు మొదలయ్యేది అక్టోబరులో. ఆ నెలలో మొదటి వడగాలి వీచింది. ఆ వారంలోనే మట్టిలో సగం మునిగిన దుంప చుట్టూ ఎర్రటి పొక్కులు లేచాయి. నాలుగు రోజుల్లో పొక్కులు చిగుళ్లయ్యాయి. ఒకటీ రెండూ కాదు, గుప్పెడు. ఆల్మా వరండాలో నిలబడి పెర్స్‌ని కేకేసిన కేక గోధుమ పొలాలు దాటి రైల్వే స్టేషనుదాకా వినపడిందని ఇప్పటికీ అంటారు.

ఆ కబురు డేమియన్‌కీ చేరింది. వచ్చాడు. దారిలో వరండా వరండాకీ ఒక నీలగిరి మొలక తలెత్తి నిలబడి ఉంది. చూసుకుంటూనే వచ్చాడు పాపం. ఆల్మా వరండాలో అప్పటికే క్లాసు నడుస్తోంది.

"మళ్లీ కొయ్యాలండీ," అన్నాడు.

ఆల్మా రంపం తీసి అతని ముందు పెట్టింది. "కొయ్యి నాయనా. ఈసారి నీ చేత్తోనే కొయ్యి. మా నాన్న ఈ మాలీని రోలరు కట్టి తొక్కించాడు. నిప్పు పెట్టాడు. నాగలి దింపాడు. ఆయనకి ఆరు గుర్రాలుండేవి. నీకేమున్నాయి?"

డేమియన్ రంపం కేసి చూశాడు, వరండాల వరస కేసి చూశాడు. "అసలు ఎన్నిసార్లు కోస్తే చస్తుందండీ ఇది?"

"ఏమో. అది తేలకముందే మా నాన్న పోయాడు."

పెర్స్ నవ్వు ఆపుకోలేక టీ కప్పులోనే తుమ్మాడు.

"రూలు మాత్రం మారదండీ," అన్నాడు డేమియన్, రంపం ముట్టుకోకుండా.

"మారమని ఎవరడిగారు? రోజూ వచ్చి చదివి వెళ్లు. మేం టీ ఇస్తాం."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆల్మా కత్తెర తీసింది. "సరే, చెప్పండి. ఈ చిగుళ్లలో ఏది ఉంచి ఏవి కత్తిరిద్దాం?"

"ఒక్కటి కూడా తియ్యకు," అంది గ్లాడిస్. "మీ గేటు దగ్గర గుబురు ఒక్క కాండంతో ఉండేదా ఏమన్నా?"

ఆల్మా కత్తెర గాల్లో ఆగింది. కాసేపటికి దాన్ని జేబులో వేసుకుని, కుండీని రెండు చేతులా ఎత్తి, డేమియన్ ఆఫీసు కిటికీకి ఎదురుగా ఉన్న మెట్టు మీద పెట్టి వచ్చింది.