పదిసార్లు పాసైన టైరు

2003 మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి కోరాపుట్ నుంచి ఫోన్ వచ్చింది. మిరియం అక్క కనకరత్నం అక్కడ ఆసుపత్రిలో ఉంది. రాత్రి గడవడం కష్టమని డాక్టర్ చెప్పాడు. చెల్లెల్ని చూడాలని ఆమె అడుగుతోంది.

"రెండింటికి కాంప్లెక్సు బస్టాండులో బస్సుంది. ఎల్లిపోతాను," అంది మిరియం.

"ఇంటికాడ బండెట్టుకుని బస్సేటి?" అన్నాడు ఆమె భర్త దయానందం.

దయానందం పోర్టులో ముప్పై ఏళ్లు లారీ నడిపి రిటైరయ్యాడు. వేలంలో పాత అంబులెన్సు కొని, అందులో మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించాడు. కంచరపాలెంలో దాన్ని ఇల్లుబండి అనేవారు. ఏడాదిలో అది పక్కనే ఉన్న భీమిలి దాటలేదు.

బండికి ఫిట్‌నెస్ పరీక్ష జరిగే రోజు స్టెప్నీ చూపించాలి. లేనివాళ్లు ఆ పూటకు టైర్ల షాపు ఎల్లాజీ దగ్గర అద్దెకు తెచ్చుకునేవారు. దయానందం ఆ అద్దె చక్రాన్నే కొనేశాడు.

"ఓపాలి బిగించి సూద్దుమా?" అని అడిగాడు అప్పుడు.

"ఇనస్పెట్రు లెక్కెడతాడు గానీ బిగిత్తాడేటి బావా? ఈ టైరు పదిసార్లు పాసయ్యింది. మా ఇంట్లో ఎవుడూ అన్నిసార్లు పాసవ్వలేదు," అన్నాడు ఎల్లాజీ.

దయానందం నవ్వి, చక్రాన్ని బండిలో వేయించుకున్నాడు. దాని మీదే వడ్రంగి చేత మంచం కొట్టించాడు.

ఇద్దరూ ఒంటిగంటన్నరకు బయల్దేరారు. పెందుర్తిలో డీజిల్ పోయించారు. శృంగవరపుకోట దాటి ఘాటీ కొండదారి ఎక్కుతుండగా వెనక చక్రం పేలింది. దయానందం రాళ్లు తెచ్చి మిగతా చక్రాల కింద పెట్టాడు. అంతలో రెండు గంటల బస్సు వచ్చి పక్కన ఆగింది.

"కోరాపుట్టా అమ్మా? సీటుంది, ఎక్కండి," అన్నాడు కండక్టర్.

మిరియం సంచీ తీసుకుని మెట్టెక్కింది.

"దిగు," అన్నాడు దయానందం. "స్టెప్నీ ఉంది. పావుగంటలో కదిలిపోతాం. ఈ బస్సుని అరకు కాడ దాటేత్తాను. నన్నొక్కడ్నీ ఒగ్గేసి పోతావేటి?"

బస్సులోవాళ్లు చూస్తున్నారు.

"బేగి తేల్చండమ్మా," అన్నాడు కండక్టర్.

మిరియం దిగింది. బస్సు వెళ్లిపోయింది.

మంచం విప్పడానికి అరగంట పట్టింది. దయానందం చక్రాన్ని దొర్లించుకొచ్చి హబ్‌కు ఆనించాడు. హబ్‌కు ఆరు బోల్టులున్నాయి. చక్రానికి ఐదు రంధ్రాలున్నాయి. తిప్పి పెట్టి చూశాడు. మళ్లీ తిప్పాడు.

"ఏటయ్యింది?"

"బెజ్జాలు కలవట్లేదు."

"ఎప్పుడైనా బిగించి సూసేరా?"

దయానందం చక్రాన్ని పక్కకు దొర్లించాడు. ఆ సాయంత్రం పైకి వెళ్లే బస్సు మరొకటి లేదు. చెయ్యెత్తితే ఏ లారీ ఆగలేదు. కిందికి పోతున్న జీపు డ్రైవర్ పేలిన చక్రాన్ని తీసుకెళ్లి, వేరే టైరు వేయించి మర్నాడు ఉదయం పంపాడు.

కోరాపుట్ చేరేసరికి మధ్యాహ్నమైంది. కనకరత్నం ముందురోజు రాత్రి పదకొండింటికి పోయింది. శవం దగ్గర పొరుగింటి గౌరీశ్వరి కూర్చుని ఉంది.

"రాత్రి తొమ్మిదిన్నరకొచ్చే మీ ఊరి బస్సుకి మనిషిని పంపినాం. నువ్వు దిగలేదన్నాడు," అంది గౌరీశ్వరి మిరియంతో. "పదకొండు దాకా తెలివిగానే ఉంది. గుమ్మంకేసే సూసింది."

"ఘాటీలో టైరు పేలిపోయిందమ్మా," అన్నాడు దయానందం. "ఏటి సేత్తాం? దారిలో ఒక్క బండీ ఆగలేదు."

"బస్సాగింది," అంది మిరియం.

గౌరీశ్వరి ఇద్దరి ముఖాలూ చూసింది. "మరెక్కలేదేటమ్మా?"

"ఎక్కేను," అంది మిరియం. "దించీసేరు."