భుజం దిగని అక్షరాలు

మా తమ్ముడు తిరుమల్‌కు మిలిటరీ అంటే ప్రాణం. మెట్టుగూడలో జవాన్ల లారీ కనబడితే చాలు, చేతిలో పాలప్యాకెట్ ఉన్నా సరే సెల్యూట్ కొట్టేవాడు. ఆ ప్రేమ గుండెలో పట్టక భుజం మీదికి పొంగింది. ఫిరోజ్ దుకాణంలో కూర్చుని కుడి భుజాన ‘ఇండియన్ ఆర్మీ’ అని ఇంగ్లీషులో, లావుపాటి నల్లటి అక్షరాలతో పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చాడు. గ్రౌండులో వాడితో పాటు సైన్యం భర్తీ కోసం ఉరికే పోరగాళ్లలో సగం మందికి అదే పచ్చబొట్టు. గొర్రెదాటు అని ఊరికే అన్నారా!

మా నాయనమ్మ దేవమ్మకు మాత్రం మహా సంబరం. ఆమె ముంజేతి మీదా పచ్చబొట్టు ఉంది. "చచ్చినంక మనతోని వచ్చేది గిదొక్కటే బిడ్డా. దేవుని పేరు రాయించుకుంటివి, మంచిగ చేస్తివి" అంది. ఆమెకు చదువు రాదు. మేమూ నవ్వుకుని వదిలేశాం.

తర్వాత తెలిసింది, భుజం మీద పచ్చబొట్టు ఉంటే సైన్యంలో తీసుకోరని. రూల్ చదివాక పొడిపించుకుంటే వాడు మా తిరుమల్ ఎందుకవుతాడు? పైగా వయసు దాటిపోతోంది, వాడికి ఇదే ఆఖరి భర్తీ.

"లేజర్ ఉందంటనే అక్కా. ఒక్కసారి కొడితే సాఫ్ అంట."

"ఎవరన్నరు?"

"ఫిరోజ్."

"ఇంకేంది మరి! పొడిచినోడే డాక్టర్ సుత అయిండు."

చెవి పట్టుకుని పద్మారావు నగర్‌లో చర్మం డాక్టర్ అతియా మేడం దగ్గరికి తీసుకుపోయాను.

"లేజర్ అంటే రబ్బర్ కాదు తమ్ముడూ" అందామె. "చర్మం లోపలున్న ఇంకును అది ముక్కలు చేస్తది, అంతే. ఆ ముక్కల్ని బయటికి పంపేది నీ ఒళ్లే. అందుకే ఒక సిట్టింగ్‌కు, ఇంకో సిట్టింగ్‌కు నడుమ వారాలకు వారాలు ఆగాలె. మొత్తం పోతదని గ్యారంటీ ఇయ్య."

"భర్తీ దగ్గరపడ్డది మేడం. జెర జల్దీ..."

"జల్దీ చేస్తే ఇంకుతో పాటు నీ చర్మం రంగు సుత పోతది. మన రంగుకు ఆ భయం ఎక్కువ. ఎండల తిరగొద్దు, పొక్కులు గిల్లొద్దు."

వాడు బుద్ధిగా తలూపాడు. ఆ ఊపుడు నాకు తెలుసు. టెన్త్‌లో లెక్కల సార్ ముందు కూడా అచ్చం ఇలాగే ఊపాడు.

కళ్లకు అద్దాలు పెట్టి మేడం లేజర్ కొడుతుంటే పోపు చిటపటలాడినట్టు చప్పుడు. జవాన్ కాబోయేవాడు నా చెయ్యి నలిపేశాడు. అక్షరాలు ఒక్కసారిగా తెల్లగా పొంగాయి.

"పోయిందే అక్కా!"

"అది ఆవిరి" అంది మేడం. "జెరసేపాగు, మళ్ల నల్లగైతది."

అయింది. మర్నాటికి పొక్కులు కూడా లేచాయి.

ఇక మావాడి క్రమశిక్షణ చూడాలి! చేతుల్లేని బనీనుతో ఎండలో ఉరికాడు. ఇంకు ఊడి వస్తుందేమోనని పొక్కుల మీది చెక్కు గీకాడు. మేడం ఆగమన్న రోజుల్లో ఆగకుండా, నాకు చెప్పకుండా, మౌలాలి దిక్కు ఎవరో తక్కువకు కొడతారంటే పోయి వారం వారం కొట్టించుకున్నాడు. తెలిశాక నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాను.

"నల్లది పోయిందా లేదా, అది చెప్పు" అన్నాడు గర్వంగా.

నిజమే, పోయింది. నల్లటి అక్షరాలు ఉన్నచోట ఇప్పుడు తెల్లటి అక్షరాలు ఉన్నాయి. ఎండకు మాడిన నల్లటి భుజం మీద, మునుపటి కంటే స్పష్టంగా. పౌడర్ రుద్దితే, రాత్రంతా టీవీ చూసి నిద్రమబ్బులో ఉన్న డాక్టర్ ఎవరైనా వదిలేస్తాడేమోనని వాడి ఆశ.

భర్తీకి వాడితో నేనూ పోయాను. పరుగులో అందరికంటే ముందొచ్చాడు. నేను గేటు బయట నిలబడి ఈల కూడా వేశాను. తర్వాత మెడికల్. లోపలికి పోయిన కాసేపటికే చొక్కా చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు.

"డాక్టర్ సార్ చదివిండక్కా" అన్నాడు. "గట్టిగ, అందరికి వినబడేటట్టు చదివిండు."

"ఇంకేమన్నడు?"

"గంతే. తర్వాతోన్ని పిలిచిండు."

వాణ్ణి దెప్పడానికి నా నాలుక చివర ఎన్ని మాటలున్నాయో! అన్నీ మింగి ఆటో పిలిచాను.

ఇంటికొచ్చాక నాయనమ్మ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ తెల్లటి అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా తడిమింది.

"గింత కాల్చినా పోలేదు సూడు. ఏ దేవుడు బిడ్డా, నిన్ను గిట్ల పట్టుకున్నడు?"

వాడు చెప్పబోయాడు. అంతలోనే నా వైపు చూశాడు. ఆమె కూడా నా వైపు తిరిగింది.

"నువ్వన్న చెప్పు భవానీ, ఏ దేవుడు?"

నేను లేచి, వాడికి చొక్కా తొడిగాను.