యూనివర్సిటీకి ఎన్ని దెబ్బలు

ఇంగ్లీషు మాటలకు గురులఘువులు కట్టిన మొనగాడు నాంపల్లి మొత్తంలో సదాశివ పంతులు ఒక్కడే. బతుకంతా తెలుగు పద్యాలు చెప్పుకున్న మనిషి. ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు కొని ఇంగ్లీషు తనంతట తానే నేర్చుకున్నాడు. పొడుగు మాట ఎదురైతే ముక్కలు చేసి, గురువు వచ్చిన చోటల్లా తొడమీద దెబ్బ వేసి మరీ ఒత్తి పలికేవాడు. యూనివర్సిటీకి మూడు దెబ్బలు: యూ మీద ఒకటి, వర్ మీద ఒకటి, టీ మీద ఒకటి. తల్లిలేని కూతురు ప్రభావతి ఆ చప్పుడు వింటూనే పెరిగింది.

ఇప్పుడు ఆమెకు ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో పంతులమ్మ కొలువు దొరికేలా ఉంది. బడి నడిపే దొరసాని ముందుగా ఇచ్చిన ఇంగ్లీషు పుట ఆమెకు చదివి వినిపించాలి. ముందురోజు పక్కింటి మేరీ టీచరమ్మ దగ్గర చదివి చూపింది. ముక్కలు బాగానే చేశావు గానీ, బరువు ఒక్క ముక్క మీదే పడాలి, మిగతావి తేలిగ్గా జారిపోవాలి అందామె. యూనివర్సిటీలో ఆ బరువు వర్‌ది. బాపుకు చెబుదామని ప్రభావతి ఇంటికి వచ్చేసరికి ఆయన రేపటి పుటలోని మాటలన్నీ తొడమీద వాయించుకుంటున్నాడు. ఆమె చెప్పకుండానే వెళ్లి పొయ్యి ముట్టించింది.

మర్నాడు బడి వరండాలో, తెరిచిన తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు పంతులు. చదువుతూ చదువుతూ ప్రభావతి యూనివర్సిటీ అన్న మాట దగ్గరికి వచ్చింది. బాపు చెయ్యి లేచింది. ఆయన చెప్పినట్టు పలికితే కొలువు పోతుంది. టీచరమ్మ చెప్పినట్టు పలికితే ఆయన ముఖం ఎట్లా చూడాలి? ఒక్క వర్ మీదే బరువు పెట్టి పలికింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సోమవారం నుంచి రమ్మంది దొరసాని.

ఇంటికి తిరిగి వెళ్లే టాంగా మొజంజాహీ మార్కెట్ దాటినా పంతులు చెయ్యి తొడమీదికి రాలేదు. ప్రభావతికి ఏడుపు వచ్చింది. నీ పాఠం లేకుంటే నాకు ఇంగ్లీషే లేదు బాపూ అని గొణిగింది.

"పాఠంల తప్పుండె బిడ్డా," అన్నాడాయన. "నాకు చెప్పేటోళ్లు దొరకలే. నీకు దొరికిన్రు, గంతే."

యూనివర్సిటీ అని మళ్లీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. ఆయన వేలు యూ మీద, ని మీద ఊరకే జరిగి, వర్ మీద టక్కుమని పడింది.

"గిట్లనేనా?"

"ఔ బాపూ."

పంతులు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మరి ఎగ్జామినేషన్‌కు ఏడ కొట్టాలె, జర చెప్పు."