వీధి మంచిదేనండీ

ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళు రెండు రకాలు. గది అద్దె ఎంతని ముందు అడిగేవాళ్ళు, వీధి ఎలాంటిదని ముందు అడిగేవాళ్ళు. ఆ రెండో రకమంటే నాకు మొదట్నుంచీ గౌరవం. నాది నాలుగు గదుల లాడ్జి, పైన రెండు, కింద రెండు. కుటుంబాలకీ, ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ ఇవ్వను. అందుకని నాకు పొగరని పేరు. పొగరే మరి. అది లేకపోతే ఈ పదిహేనేళ్ళూ నెట్టుకొచ్చేదాన్నే కాదు.

అంతకుముందు ఒక పెద్ద హోటల్లో ఫోన్ల దగ్గర పనిచేశాను. మొహం చూపించకుండా ఉత్త గొంతుతో అవతలి మనిషికి నమ్మకం పుట్టించడం అక్కడే వంటబట్టింది. ఫోను పెట్టేసేముందు ఒక మాట అనడం నాకు అలవాటు. "శ్రమ ఇచ్చినందుకు ఏమనుకోకండమ్మా. ఎండగా ఉంది, మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి." హోటలువాళ్ళు నేర్పింది కాదది, నా సొంతం. ఆ ఒక్క ముక్కకి మనుషులు ఎంత మెత్తబడిపోతారో చెబితే నమ్మరు. లాడ్జి పెట్టాక మా తమ్ముడికీ అదే నేర్పాను.

మా తమ్ముణ్ణి వీధంతా మైకు అంటారు. వాడి నోరు మూతపడదు. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై. పెంచానో పాడుచేశానో తెలీదుగానీ చేసిందంతా నేనే. రెండేళ్ళపాటు లాడ్జి ఫోను వాడి చేతిలో పెట్టాను. గొంతు తేనె, పని సున్నా. అడిగినవాడికల్లా గది ఉందనేవాడు. ఒకసారి తాగొచ్చిన నలుగురికి పైగది ఇచ్చేస్తే, పక్కగదిలో తల్లీకూతుళ్ళు తలుపుకి కుర్చీ అడ్డంపెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. మర్నాడే ఫోను లాగేసుకున్నాను. వారం రోజులు అలిగి, తర్వాత మామూలుగా ఒంటిగంటయ్యేసరికి భోజనానికి దిగబడ్డం మొదలెట్టాడు. ఏం వెలగబెడుతున్నావురా అంటే, స్టేషన్ దగ్గర టాక్సీలవాళ్ళతో ఏదో పని అన్నాడు. ఏం పనో నేను అడగలేదు. కంచంలో అన్నం పెట్టాను, ఊరుకున్నాను.

నర్సమ్మ ఫోన్ చేసింది ఆ తర్వాత రెండు నెలలకి. పెద్దాసుపత్రిలో నర్సుగా ముప్పైమూడేళ్ళు చేసి రిటైరయ్యిందట. పెళ్ళి చేసుకోలేదు, అన్నావదినలతో ఉంటుంది. జన్మలో మొదటిసారి ఒక్కతే బయల్దేరి పదిరోజులు ఊళ్ళు చూడాలని సరదా. వాళ్ళన్నయ్య, ఈ వయసులో నీకిదేం పిచ్చి, ఎవడో టోపీ పెడతాడు, ఏడుస్తూ వస్తావు అన్నాడట. అందుకే ఆవిడ పంతం. నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. వీధిలో దీపాలు ఎన్నింటిదాకా వెలుగుతాయి, కిందిగది కిటికీకి చువ్వలున్నాయా, లోపలి గడియ ఇనుముదా కర్రదా, ఎదురుగా ఎవరుంటారు, ఆడవాళ్ళు నడిచే వీధేనా. ఇంకొకరైతే విసుక్కునేవాళ్ళు. నాకు మాత్రం ముద్దొచ్చింది. ఎదురుగా కుట్టుమిషన్ ఆవిడ, పక్కన మందులషాపు, అది మూసేదాకా వీధిలో మనుషులుంటారని చెప్పాను. చివరిసారి, "వీధి మంచిదేనండీ, నాది పూచీ" అన్నాను. నేను చెబుతుంటే ఆవిడ రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అనుకున్న రోజు బండి పదకొండింటికి. పదకొండున్నరకల్లా గేట్లో ఉండాలి. కిందిగదిలో కొత్త దుప్పటి పరిచి కూర్చున్నాను. పన్నెండయ్యింది, రెండయ్యింది, మనిషి లేదు. నేను చేస్తే ఫోను ఆపేసి ఉంది. మనసు మార్చుకుంది కాబోలనుకున్నాను. ఒక్క మాట చెబితే సొమ్మేం పోయిందని మనసులో నాలుగు తిట్టుకున్నాను కూడా. ఆ పాపం ఎక్కడికీ పోదు.

మర్నాడు పదింటికి గేటు తీసుకుని వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నలిగిన చీరలో, చేతిలో చిన్న నోటుపుస్తకం ఒక్కటే ఉంది. లాడ్జిని కిందనుంచి పైదాకా చూసింది. కుట్టుమిషన్ ఆవిడని చూసింది, మందులషాపు చూసింది. అప్పుడు నాకేసి తిరిగి, మూసేశామని చెప్పారే, శుభ్రంగా తెరిచే ఉందే అంది.

నాకు తలా తోకా అర్థం కాలేదు. కూర్చోబెట్టాను. నోటుపుస్తకం తెరిచింది. నర్సులకి అదొక అలవాటట. వార్డులో ఎవరు ఏ టైముకి ఏమన్నారో అన్నదన్నట్టు రాయడం. రిటైరైనా చెయ్యి ఊరుకోలేదు. కళ్ళజోడు సంచీతోబాటే పోయిందేమో, పుస్తకం దూరంగా పట్టుకుని చదివింది.

పదకొండూ పది. స్టేషన్ బయట టాక్సీ. డ్రైవరుకి ఎడంచెవికి పోగు. నా లాడ్జి పేరు చెప్పగానే, అది మూసేశారుగా మేడమ్, ఆ వీధిలో మురుగు పైపు పగిలి మనుషుల్ని ఖాళీ చేయించారు అన్నాడట. ఈవిడ నమ్మలేదు. నా నంబరుకి చేయబోతే, ఆ లైను పనిచెయ్యట్లేదు, ఓనర్లది కొత్త నంబరు నా దగ్గరుంది, మీరే మాట్లాడండని తన ఫోను ఇచ్చాడట. అవతల మగగొంతు, చాలా మర్యాదస్తుడట. లాడ్జి తరఫునే మాట్లాడుతున్నానన్నాడట. అవునమ్మా, పైపు పగిలింది, మీకు మా రెండో లాడ్జిలో గది తీసి ఉంచాం, డ్రైవరుకి తెలుసు అన్నాడట. ఆ రెండో లాడ్జి మార్కెట్టు వెనక సందులో. గదికి గడియ సరిగ్గా పడదు, స్నానాలగది వరండా చివర. స్నానం చేసి వచ్చేసరికి సంచీ లేదు. ఫోను, డబ్బు, టిక్కెట్లు, మందులు, అన్నీ అందులోనే. తలగడ కింద పెట్టుకున్న ఈ పుస్తకం ఒక్కటే మిగిలింది. కౌంటర్లో వాడు, పోయినవాటికి మాది బాధ్యత కాదని బోర్డుంది చూసుకోలేదా అన్నాడట.

మర్యాదస్తుడని ఎందుకు నమ్మారని అడిగాను. నా గొంతులో కోపం ఆవిడ మీద కాదు, అయినా కోపమే.

"ఇదుగో, రాసుకున్నాను. పదకొండూ పద్దెనిమిది." వేలు పెట్టి చదివింది. "శ్రమ ఇచ్చినందుకు ఏమనుకోకండమ్మా. ఎండగా ఉంది, మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. నాలుగుసార్లూ మీరు ఫోను పెట్టేసేముందు ఇదే అన్నారు. అందుకే మీ మనిషేననుకున్నాను."

ఆ మాట నేను నేర్పింది ఒక్కడికే, మా తమ్ముడికి. వెధవ, చదువు చెప్పిస్తే రాలేదు, లెక్కలు నేర్పితే రాలేదు. ఇది మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది.

మంచినీళ్ళు తెస్తానని లోపలికెళ్ళి పొయ్యి దగ్గర నిలబడ్డాను. గోడగడియారం పదకొండు కొట్టింది. ఇవతలికి నర్సమ్మ మాట వినపడుతూనే ఉంది. పొద్దున్నే పోలీసుస్టేషనుకి వెళ్ళొచ్చిందట. ఊళ్ళో ఇన్ని టాక్సీలుంటే ఎవణ్ణని పట్టుకుంటాం, ఒక్క మనిషిని చూపించండి, మిగతావాళ్ళని వాడిచేత మేం లాగుతాం అన్నారట. డబ్బు పోతే పోయిందండీ, సంచీ, టిక్కెట్లు దొరికితే మిగతా ఎనిమిది రోజులూ చూసే వెళతాను, ఖాళీ చేతుల్తో వెళితే మా అన్నయ్య చచ్చేదాకా దెప్పుతాడు అంది. ఆ ఒక్క మనిషి ఎవరో నాకు తెలుసు. ఒంటిగంటకి వాడు నా ఇంటికే భోజనానికొస్తాడని తెలుసు.

చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. ఇన్నేళ్ళ మంచిపేరు అన్నాను నాలో నేను. నిజం అది కాదు. తొమ్మిదేళ్ళ పిల్లాడు నా చెంగు పట్టుకుని నిలబడ్డది గుర్తొచ్చింది. రావద్దని వాడికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పనిలో ఉన్నాడు కాబోలు. ఇంకెవరితోనో మంచినీళ్ళు దగ్గర పెట్టుకోమంటున్నాడు కాబోలు.

నర్సమ్మని భోంచేసి వెళ్ళమనక తప్పలేదు. నిన్నట్నుంచీ ఏమీ తినలేదు మరి. ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా నేను గేటు దగ్గరికి పరిగెత్తాను. వాడు ఈలవేసుకుంటూ వస్తున్నాడు. చొక్కా పట్టుకుని గోడవారకి లాగి, నిన్న పదకొండింటికి నువ్వు ఫోన్లో ఎవరితో మాట్లాడావో ఆవిడ లోపల కూర్చునుంది, వెళ్ళిపొమ్మన్నాను. వాడి మొహం పాలిపోయింది, పాలిపోయి మళ్ళీ మామూలైపోయింది.

"ఒక్క గది పోతే నీకేమైందక్కా? నీ గదులెప్పుడూ నిండే ఉంటాయిగా. ఫోను లాక్కున్నప్పుడు నేనేం తిని బతుకుతానని అడిగావా?"

రోజూ నా కంచంలో తిని అన్న మాటది. చెంప పగలగొట్టాలనిపించింది. అంతలో నర్సమ్మ వరండాలోకి వచ్చి ఎవరండీ అంది. మా తమ్ముడండీ అన్నాను. ఆ నోటితోనే ఇంకో మాట కూడా అన్నాను. గొంతు పూర్తిగా పోయింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడు.

అలా మైకుగాడు జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని కంచం ముందు కూర్చున్నాడు. తలూపుతాడు, చేత్తో సైగ చేస్తాడు. నేను వడ్డిస్తున్నాను. నాలుగు ముద్దలు తిని లేచి పోతాడు, అంతే చాలనుకున్నాను.

నర్సమ్మ నాలుగు ముద్దలు తిన్నాక వాడికేసి చూసింది. ఎన్నాళ్ళనుంచి అంది. వాడు మూడు వేళ్ళు చూపించాడు. జ్వరముందా అంది. లేదని తలూపాడు. సంచీ పోయి, తిండీ నిద్రా లేక, అంత కష్టంలో ఉన్న మనిషి, చెయ్యి కడుక్కొచ్చి వాణ్ణి కిటికీ దగ్గరికి పిలిచింది. నేను వద్దండీ, మీకెందుకు శ్రమ అంటూనే ఉన్నాను. చెంచా కాడతో నాలుక నొక్కి, ఆ అనండి అంది. వాడు ఆ అన్నాడు. మెడ కింద రెండువైపులా వేళ్ళతో తడిమింది, అమ్మ తడిమినట్టు. గొంతులో ఏమీ లేదే, కొంచెం కూడా ఎర్రగా లేదు, భయపడకండి, ఉప్పునీళ్ళు పుక్కిలించండి చాలు అంది.

వాడికి ఆడదాని చెయ్యి అంత మెత్తగా తగిలి ఎన్నాళ్ళయ్యిందో. నేనైతే కంచం గిరాటేయడమే తప్ప తల నిమిరి ఎరగను. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడికి వచ్చిన మర్యాద ఒక్కటే, నేను నేర్పింది.

"శ్రమ ఇచ్చినందుకు ఏమనుకోకండమ్మా" అన్నాడు.

నర్సమ్మ చెయ్యి వాడి మెడమీదే ఆగిపోయింది. తర్వాత చెంచా బల్లమీద పెట్టి, నోటుపుస్తకం తీసి, గడియారం చూసి రాసింది. ఒకటీ ఇరవై. వాణ్ణి చెవిపోగు డ్రైవరు పేరూ, టాక్సీ నంబరూ చెప్పమంది. వాడు బడిపిల్లాడిలా చెప్పాడు. అవీ రాసుకుంది. నాతో పోలీసుస్టేషనుకి వస్తారా అంటే, వస్తానని లేచాడు. నాకేసి చూడలేదు.

ఆవిడ మాత్రం చూసింది. "మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

అబద్ధమాడొచ్చు. అప్పటికే ఆడినవి చాలనిపించింది. పదకొండింటికి అన్నాను. అదీ రాసింది.

గేటుదాకా వెనకే వెళ్ళాను. ఎండ మండిపోతోంది. ఏం చెయ్యాలో తోచక సీసాలో మంచినీళ్ళు పోసి ఆవిడ చేతికిచ్చాను. చెయ్యి అలవాటున చేసేసింది. ఆవిడ ఆ సీసాకేసి చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ నిద్రపట్టనివ్వదు.

"నాలుగుసార్లు ఫోన్ చేసి వీధి గురించే అడిగానండీ. ఇంటి గురించి అడగాలని నాకు తట్టలేదు."

సీసా గేటుగోడమీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి సంచీ దొరికిందని కుట్టుమిషన్ ఆవిడ చెప్పింది. ఫోనూ డబ్బూ లేవు, టిక్కెట్లున్నాయట. ఎనిమిది రోజులు మిగిలున్నా ఆవిడ ఆ రాత్రి బండికే ఇంటికెళ్ళిపోయిందట. తమ్ముణ్ణి మూడోరోజు వదిలేశారు. చెవిపోగువాడు నెల తిరక్కుండా మళ్ళీ రైల్వేస్టేషన్ ముందు టాక్సీ పెట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు ఇప్పుడు భోజనానికి రాడు. ఒంటిగంటకి నేను రెండు కంచాలు పెట్టి, ఒకటి తీసేస్తాను.

ఫోను వస్తూనే ఉంటుంది. మొన్న ఒకావిడ, ఒక్కదాన్నే వస్తున్నానమ్మా, మీ వీధి మంచిదేనా అంది. వీధి మంచిదేనండీ అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. మంచినీళ్ళ మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఫోను పెట్టేశాను.