ఎస్తెబాన్ వండాల్సిన చేపల పులుసు

ఓడ వంటగది ఊగుతోంది, ఊగే ఆ గోడకే పెదజాలారిపేటలో వాళ్లింటి గిన్నెల అల్మారా అతుక్కుని ఉంది, రెండూ ఒక్కచోట ఎలా ఉన్నాయన్న అనుమానం నీలవేణికి రానే రాదు. పోయి రెండేళ్లయిన తాత ఎల్లాజీ, ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో వంట చేసి ఎందరికో కడుపునిండా పెట్టిన మనిషి, ఇవాళ పొయ్యి దగ్గర కాకుండా బల్ల ముందు కూర్చుని ఖాళీ కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

"ఆకలేస్తంది గుంటా."

"ఉండు తాతా, వండిపెడతాను," అంటూ ఆమె అల్మారా తెరిస్తే అందులో గిన్నెలుండవు, అన్నీ ఎర్ర నీలం అంచుల కవర్లే, చిలీ దేశంలోని వల్పరాయిసో నుంచి ఎస్తెబాన్ రాసిన ఉత్తరాలు.

"నీ వంట నాకొద్దు. ఆడు వండాల. మా ఒట్టు మర్సిపోనావేటి?"

మరిచిపోవడమా! చిన్నప్పుడు రోజూ చెప్పించుకున్న కథాయె. తాత స్నేహితుడు ఎస్తెబాన్ ఆయన పనిచేసిన ఓడలోనే ఇంజిను చూసేవాడు. ఇద్దరిలో ఎవరు ముందు పోతే, వాళ్లకిష్టమైన కూర రెండోవాడు స్వయంగా వండి నలుగురికీ పెట్టాలని, అప్పుడే అది పోయినవాడికి అందుతుందని ఒట్టేసుకున్నారు. తాతకి చేపల పులుసు. దాన్ని ఎస్తెబాన్‌కి నేర్పింది కూడా తాతే.

"మరి ఆడెందుకు వండనేదు?" అని తాత అడుగుతుండగానే వంటగది ఆమె స్పానిష్ నేర్చుకునే క్లాసుగదిలోకి జారిపోతుంది, బల్ల బెంచీ అవుతుంది, కంచం మాత్రం ఆయన ఒళ్లోనే ఉంటుంది, ఎదురుగా నల్లబోర్డు మీద ఆమె చేతిరాతే: మి అబ్వేలో త్యేనె బ్వేన సలూద్. మా తాతకి ఆరోగ్యం బాగుంది.

"ఇదెవులు రాసేరు?"

"నేనే." సిగ్గుతో ఆమె చెవులు కాలిపోతాయి. "ఎస్తెబాన్‌కి గుండె ఆపరేషన్ అయిందట తాతా. నువ్వు పోయిన కబురు వింటే తట్టుకోలేడని ఒకసారి అలా రాసేను. మళ్లీ ఉత్తరం వస్తే మళ్లీ అదే రాసేను."

"ఆడికోసమేనేటి?"

పోయినవాళ్లకి మొహమాటాలుండవు కాబోలు, సూటిగా అడిగేస్తాడు. ఆమెకి ఏడుపు తన్నుకొస్తుంది. "కాదు, నాకోసమే. త్యేనె తీసేసి తెనీయ అని రాయాలి కదా. ఉంది అన్నచోట ఉండేది అనాలి. నా చేత్తో నేను ఎలా రాయను? ఆ ఒక్క ఉత్తరంలోనైనా నువ్వున్నావు కదా!"

తాత కంచం పక్కన పెట్టి పగలబడి నవ్వుతాడు, ఆ నవ్వుకి క్లాసుగది మళ్లీ ఊగుతుంది. "ఓసి ఎర్రి గుంటా! నీకా మాట నేర్పింది నానే కదేటి. తెనీయ ఉన్ అమీగో, నాకో సేయితుడుండేవోడు, అని కదేటి ప్రతి కతా ఎత్తుకునేవోణ్ణి! ఆ మాట అంటే సాలు, ఆడొచ్చి నా పక్కన కూకున్నట్టుండేది. నువ్వు దాన్ని సూసి బయపడతావేటి?"

తాత కంచం మళ్లీ ఒళ్లోకి తీసుకుంటాడు.

"రెండేళ్ల నుంచి కాళీ కంచం పట్టుకు కూకున్నాను. ఆడికి తెలకుండా ఆడెలా వండుతాడు?"

"రాస్తాను తాతా. ఇవాళే రాస్తాను. ఏడుస్తూనైనా సరే, రాసేస్తాను."

"సింతపండు తక్కువెయ్యొద్దని కూడా రాయి. ఆడు ఎప్పుడూ పిసినారే." వంగి బొటనవేలితో ఆమె చెంప తుడుస్తాడు. "మొకానికేటే అది, నల్లగా?"

నీలవేణి ఉలిక్కిపడి లేచింది. మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది. ఎస్తెబాన్‌కి రాస్తూ రాస్తూ ఉత్తరం మీదే తలవాల్చి నిద్రపోయింది. కాగితం తడిసి ఉంది. మొదటి వాక్యం, తాతకి ఆరోగ్యం బాగుందన్న ఆ వాక్యం, అలికేసినట్టు చెదిరిపోయింది. అద్దంలో చూసుకుంటే ఆ సిరా అంతా ఆమె చెంప మీద ఉంది.

కడుక్కోలేదు. ఇంకో కాగితం తీసి, పళ్లు బిగబట్టి రాసింది: మి అబ్వేలో తెనీయ ఉన్ అమీగో. మా తాతకో స్నేహితుడుండేవాడు. తర్వాత తాత ఏ రోజు పోయాడో రాసింది, రెండేళ్లు అబద్ధం చెప్పినందుకు క్షమించమని రాసింది. సంతకం పెట్టాక గుర్తొచ్చి, కింద చింతపండు సంగతి కూడా రాసింది.