ఉప్పు చూసిన రోజు

శంకరమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి గంజు మీది మూత తీసింది. పప్పుచారు కుతకుతలాడుతోంది. అలవాటు కొద్దీ గరిటెతో నాలుగు చుక్కలు తీసి, పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న రబియా వైపు చాచింది.

రబియా అరచెయ్యి పట్టలేదు.

“ఇయ్యాల నువ్వే సూడక్కా. రేపటిసంది నేనుండ గద.”

“బుగులైతుందే,” అంది శంకరమ్మ బెదురుగా.

భర్త చనిపోయిన ఏడాది బోధన్‌లోని ఈ ఆడపిల్లల హాస్టల్లో వంటకు చేరింది శంకరమ్మ. పొట్టి మనిషి, వంగిన భుజాలు, ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. వీధిలో ఎదురైతే ఎవరూ గుర్తుపట్టరు. ఆమె చారును మాత్రం చదువైపోయిన పిల్లలు కూడా తలుచుకునేవారు.

నెలసరి ఆగిపోయిన కొత్తలో ఆ చారే చెడింది. ఒళ్లంతా సెగలు. నోరెండిపోయి నాలుక మంట. వేపపుల్ల తగిలితే చాలు, చిగుళ్ల నుంచి నెత్తురు. ఉప్పేదో పులుపేదో తెలియలేదు. పిల్లలు కంచాలు వదిలేసి లేచిన నాడు, ఇంకోసారి ఇట్లయితే వేరే మనిషిని చూసుకుంటామంది మేట్రన్. ఆ పూట నుంచి ఉప్పు వెయ్యడం, రుచి చూడడం తోటి వంటమనిషి రబియా తన మీద వేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. రంజాన్‌లో కూడా నాలుక కొసకు తాకించి ఉమ్మేసేది.

“వండేటోళ్లకు అల్లా మాఫ్ జేస్తడక్కా,” అనేది.

నిజామాబాద్ దవాఖానాకు లాక్కెళ్లిందీ ఆమే. అక్కడ లేడీ డాక్టరు నోరు చూసి, నెలసరి సంగతి అడిగేసరికి శంకరమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

“నోటికీ దానికీ ఏం సంబంధం డాక్టరమ్మా?”

“ఉందమ్మా. ఆడవాళ్ల ఒంట్లో హార్మోను అని ఒకటి ఊరుతుంది. అది తగ్గితే కొందరికి నోరు ఎండుతుంది, చిగుళ్లు పలచబడతాయి. దాన్నే మాత్రలుగా ఇస్తాను. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. నెలసరిలాగా మళ్లీ నెత్తురు కనబడితే వెంటనే రా. పళ్ల డాక్టరుకూ చూపించుకో.”

ముందు సెగలు తగ్గాయి. పళ్ల డాక్టరు గార తీశాక చిగుళ్లు గట్టిపడ్డాయి. నోట్లో తడి మెల్లమెల్లగా ఊరింది. కారం ఇంకా మండుతూనే ఉంది.

శంకరమ్మ అరచేతిలో చారుచుక్కలు వేసుకుని నాకింది. చింతపండు పులుపు తగిలింది. ఆగి, మళ్లీ నాకింది.

“ఉప్పు తక్కువున్నది గదనే!”

రబియా కత్తిపీట వదిలి పడిపడి నవ్వింది. “నేనే తక్కువేసిన. నీకు ఎరుకైతదా లేదా అని!”

శంకరమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“నా కూడు నిలవెట్టినవ్ రబియా...”

ఇక చాలన్నట్టు రబియా ఉల్లివాసన చేతితో ఆమె నోరు మూసింది.

పిల్లల భోజనాలయ్యాక నాందేడ్ బస్సొచ్చింది. రబియా బిడ్డ కాపురం అక్కడ. ఇక తను ఉండేదీ అక్కడే. చెరుకు బండ్ల వెనక ఆగి ఆగి, రబియా ఎక్కిన బస్సు మలుపు తిరిగింది.

శంకరమ్మ వెనక్కొచ్చి, గంజులు తోమడానికి పెరట్లోకి నడిచింది. తీగ మీద రబియా మరిచిపోయిన నీలం దస్తీ, ఇంకా ఆరక, కొసల నుంచి ఒక్కో చుక్క రాలుస్తోంది.