వల చుట్టిన గొట్టం

మూడో బిందె నెత్తి మీదకి ఎత్తుకునేసరికి లక్ష్మణమ్మకి పొత్తికడుపులోంచి ఏదో కిందకి జారింది. ఆమెకి అది కొత్త కాదు. పన్నెండేళ్ళు మైలున్నర దూరంలోని తోటబావి నుంచి నీళ్ళు మోసి మోసి జారిపోయిన గర్భసంచి అది. "ఇంక బరువులెత్తితే పూర్తిగా బయటికొచ్చేస్తుంది" అని శ్రీకాకుళంలో డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. ఆ మాట ఇంట్లో చెబితే మొగుడు శివాజీ, "నీళ్ళు మొయ్యని ఆడది ఉన్నాదేటే మన పేటలో?" అన్నాడు. అత్త దాలమ్మ అయితే, "నాను ఏడుగుర్ని కన్నాను, నీళ్ళూ మోసినాను. నాకేటీ జారనేదు" అంది. జారినా చెప్పుకునే దిక్కు ఆవిడకి మాత్రం ఎక్కడుంది!

మధ్యలో ఎనిమిది నెలలు ఆ బిందె నెత్తి దిగింది. పేటలో బోర్లన్నీ ఎప్పుడో ఉప్పెక్కిపోయాయని, సముద్రపు నీటినే మంచినీళ్ళు చేసే చిన్న ప్లాంటు ఒడ్డున పెట్టారు. కుళాయి దగ్గర మొదటి గ్లాసు తాగిన రోజు లక్ష్మణమ్మకి ఏడుపొచ్చింది. ఆపరేటరు పని కాగితం మీద శివాజీది. చీకటితో చేపల వేటకెళ్ళే మనిషి ప్లాంటు ఎప్పుడు చూస్తాడు? చూసేది లక్ష్మణమ్మే. ఇంజనీరమ్మ శ్రావణి నేర్పినవన్నీ ఆమె చేతులకి వచ్చేశాయి. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ పొద్దున్నే నడుంలోతు నీళ్ళలో దిగి, సముద్రపు నీటిని లాగే గొట్టం మూతికున్న జాలీని తోమడం. ఒక్కరోజు మానేస్తే నాచు పడుతుంది. వరసగా మానేస్తే జాలీ మూసుకుపోయి మోటారు కాలిపోతుంది. ఇంత చేసినా, జీతం శివాజీది, ఆవిడ మాత్రం "ఇంటికాడ కాళీగా ఉన్న మనిషి".

జెల్లీచేపలు వచ్చి జాలీకి అతుక్కుంటున్నాయని మగవాళ్ళు మొదట్లోనే పాత వల ముక్కొకటి తెచ్చి దాని చుట్టూ కట్టారు. జెల్లీచేపలు ఆగాయి గానీ అసలు చిక్కు అక్కడే మొదలైంది. వలంటే గంగమ్మ తల్లి. ముట్టులో ఉన్న ఆడది వలని తాకకూడదు, పడవని తాకకూడదు. ఆ వల విప్పితే గానీ జాలీ తోమడం కుదరదు. అన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది గానీ, ఈ నెల పెరట్లో ఆరేసిన గుడ్డ దాలమ్మ కంట పడింది.

"ఒసే, ఈ మూడు రోజులూ ఆ వల మీద సెయ్యేసేవంటే నా కొడుకు పడవ తిరిగి రాదు. సూసుకో" అంది.

పని తెలిసిన మూడో మనిషి పేటలో లేరు. లక్ష్మణమ్మ మొగుణ్ణి బతిమాలింది. "మావా, మూడంటే మూడు రోజులు నువ్వు తోము. నీకు దణ్ణం పెడతాను."

"ఏటే, వేటాడొచ్చి నాచు తోమాలేటి? ఆడోళ్ళ పని నాకు సెప్పకు" అని అటు తిరిగి పడుకున్నాడు. మూడోరోజు మధ్యాహ్నం మోటారు కాలింది.

అది జరిగి అయిదు రోజులైంది. కొత్త మోటారు రావడానికి నెల పడుతుందని శ్రావణి ఫోన్లో చెప్పిందట. ప్లాంటు ముందు పెద్దలు కూర్చున్నారు. మూడో బిందెతో వస్తున్న లక్ష్మణమ్మ అక్కడే ఆగిపోయింది. నడవలేకపోతోంది కూడా.

"ముట్టు సెయ్యి వలకి తగిలుంటాది. గంగమ్మకి కోపమొచ్చింది" అన్నాడు కులపెద్ద జగన్నాధం.

"నేదు మావా. పెతి నెలా ఆ మూడు రోజులూ నానే తోముతాను. అప్పుడు మా ఆడది వల జోలికే పోదు" అన్నాడు శివాజీ, కళ్ళార్పకుండా. పక్కన దాలమ్మ అవునవునని తలూపింది.

"ఏదయితేనేటి, ఇంక ఏ రోజూ ఆడోళ్ళు అటేపు పోవద్దు. మోటారొచ్చినాక శివాజీయే సూసుకుంటాడు. అందాకా బావినీళ్ళు మొయ్యండి. ఇదివరకు మొయ్యనేదేటి?" అన్నాడు జగన్నాధం.

లక్ష్మణమ్మ మొగుడి వైపు చూసింది. శివాజీ చూసుకుంటాడా! వారం తిరక్కుండా రెండో మోటారూ కాలుతుంది. విసుగెత్తి ప్లాంటు ఎత్తేస్తారు. తర్వాత చచ్చేదాకా బిందే. నిజం చెబితే పేటంతా మీద పడుతుంది, రేపు ఏ పడవకి ఏ ఆపదొచ్చినా ఆమె నెత్తికే చుడతారు. చెప్పకపోతే గర్భసంచి ఒంట్లో నిలవదు. అడకత్తెరలో పోకచెక్కయింది ఆమె బతుకు. బిందె కిందకి దించింది.

"అబద్దం సెప్పకు మావా. నువ్వు ఒక్కనాడూ తోమనేదు. ముట్టులో కూడా నానే తోమినాను. పెతి నెలా నానే వల విప్పినాను, నానే కట్టినాను. తడిసీరలో ఎవులికీ తెలవనేదు."

దాలమ్మ నోరు కొట్టుకుంది. శివాజీ చెయ్యెత్తుకుని మీదకొచ్చాడు. "అపసారం, అపసారం" అంటూ జగన్నాధం లేచి నిలబడ్డాడు.

దెబ్బ పడేలోగా చెప్పెయ్యాలని లక్ష్మణమ్మ గబగబా అంది.

"ఎనిమిది నెలలూ మీ పడవలన్నీ తిరిగొచ్చేయి. మీరందరూ ఆ నీళ్ళే తాగేరు. నాను ముట్టనిది ఈ ఒక్క నెలే. ఈ నెలే నీళ్ళు ఆగిపోయేయి."